తాతకు దగ్గులు నేర్పే తరగతులు: శిక్షణ విభాగాల అధిపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన శిక్షణ విభాగాల అధిపతులకు,

నమస్కారం. నేను ఉద్యోగులకు ఆన్‌లైన్‌లో లెక్కల పట్టికలు, నివేదికల తయారీ నేర్పే బోధకురాలిని. మీలాంటి విభాగాలు పిలిస్తే తెర మీదికి వచ్చి పాఠం చెప్పి వెళ్తాను. ఏడాదికి మూడు నాలుగు సార్లు తెరకు అవతలి వైపు కూడా కూర్చుంటాను, ‘హాజరు తప్పనిసరి’ అని పైనుంచి కబురు వచ్చే శిక్షణల్లో. ఆ తరగతుల్లో చాలామంది మైకు, కెమెరా ఆపేసి పక్క కిటికీలో తమ పని తాము చేసుకుంటూ ఉంటారు. దాచుకోవడం ఎందుకు, నేనూ ఆ పనే చేశాను. పోయినసారి మూడు గంటల శిక్షణ నడుస్తుండగా 14 ఈమెయిళ్లకు జవాబులు రాసి, చివరి క్విజ్‌లో పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకుని, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకున్నాను. మీ లెక్క ప్రకారం నేను శిక్షణను విజయవంతంగా ముగించినదాన్ని.

తరగతి అయిపోయాక మీరు నన్ను అడిగే వివరాలు మూడే. ఎంతమంది చేరారు, ఎన్ని నిమిషాలు ఉన్నారు, ఎన్ని నక్షత్రాలు ఇచ్చారు. ఆ మరుసటి సోమవారం ఎవరైనా తమ బల్ల దగ్గర ఒక్క పనినైనా వేరేగా చేశారా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఈ ఉత్తరం దాని గురించే. పెద్దవాళ్లు తరగతికి ఊరికే రారు, ఏదో ఒక చిక్కును చంకన పెట్టుకుని వస్తారు. ఆ చిక్కుకు తరగతిలో చోటు లేకపోతే వాళ్లు లాగిన్ అయి ఉంటారు గానీ తరగతిలో ఉండరు.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మొదట్లో నేనూ అందరిలాగే 64 స్లైడ్లు తయారు చేసుకుని గంటన్నర ఏకధాటిగా మాట్లాడేదాన్ని. ఒక సాయంత్రం పాఠం ముగింపుకు వచ్చేసరికి, గిడ్డంగి బాధ్యతలు చూసే ఒక పెద్దాయన మైకు ఆపడం మరిచిపోయి పక్కనున్న వారితో అన్న మాట తరగతి అంతటికీ వినిపించింది: ‘ఇదంతా బాగానే ఉంది, మన సరుకు లెక్క ఎందుకు తేలడం లేదో ఇందులో ఎక్కడుంది?’ ఆయన గబగబా మైకు ఆపేశారు. నేనూ విననట్లే నటించి ధన్యవాదాల స్లైడు చూపించాను. ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

తర్వాతి వారం స్లైడ్లు తెరవలేదు. ఆయన్ను పేరు పెట్టి పిలిచి, అభ్యంతరం లేకపోతే మీ పట్టిక మా అందరికీ చూపిస్తారా అని అడిగాను. కాసేపు తటపటాయించి చూపించారు. 200కు పైగా వరుసలు. కింద వచ్చే మొత్తం ప్రతి నెలా గిడ్డంగిలో లెక్కపెట్టిన దానికన్నా తక్కువే వస్తోంది. నెలాఖరున మూడు సాయంత్రాలు దానికే పోతున్నాయట. నాకు కారణం వెంటనే తట్టింది, కానీ నోరు కట్టేసుకుని ‘ఏం జరుగుతోందని మీకు అనిపిస్తోంది?’ అని అందరినీ అడిగాను. ఒకరు సూత్రం తప్పన్నారు, కాదు. ఒకరు వరుసలు ఏవో దాగి ఉన్నాయన్నారు, అదీ కాదు. అప్పుడు ఆస్పత్రిలో మందుల నిల్వ చూసే ఒక నర్సు అడిగారు: ‘ఆ నిలువు వరుసలో కొన్ని అంకెలు గడికి కుడి అంచున, కొన్ని ఎడమ అంచున ఎందుకు ఉన్నాయి?’

అసలు సంగతి అదే. కొన్ని గడుల్లో 25 అని ఉంది. కొన్నింటిలో ‘25 కిలోలు’ అని ఉంది. అంకెలకు మాట కలిస్తే కంప్యూటర్ ఆ గడిని మాటగానే చూస్తుంది, ఎడమ అంచుకు జరుపుతుంది, కూడికలో వదిలేస్తుంది, వదిలేశానని చెప్పదు కూడా. ‘మా దగ్గర మందు మోతాదు ఒక గడిలో, కొలత పక్క గడిలో రాస్తాం. కలిపి రాస్తే ఎవరైనా తప్పు చదివే ప్రమాదం ఉంది’ అన్నారామె. ఆ పెద్దాయన ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఎడమ అంచున ఉన్న గడులన్నీ ఒక్కొక్కటిగా సరిచేస్తుంటే, కింద మొత్తం పెరుగుతూ వచ్చి లెక్క తేలింది. మైకులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఆన్‌లైన్ తరగతిలో అంత గోల అంతకుముందు నేను వినలేదు.

ఆ విషయం నా 41వ స్లైడులో ఉంది. అంతకుముందు వారమే చూపించాను. ఎవరికీ గుర్తులేదు, ఆయనకు కూడా.

పెద్దలు నేర్చుకునే తీరును గురించి ఆలోచించినవారు ఈ మాటే ఎప్పటి నుంచో చెబుతున్నారు. పెద్దల బోధనకు ఆండ్రగాజీ అనే పేరును 1833లో అలెగ్జాండర్ కాప్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు వాడారు. అమెరికాలో మాల్కమ్ నోల్స్ అనే వయోజన విద్యావేత్త 1970 తర్వాత దాన్ని అందరి నోళ్లలో నానేలా చేశారు. ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెప్పాలంటే ఇలా ఉంటుంది. పెద్ద మనిషి ‘ఇది నాకెందుకు?’ అని ముందే తేల్చుకుంటాడు. తన బతుకు తాను నడుపుకుంటున్నవాడు కనుక తరగతిలో పసివాణ్ణి చేసి కూర్చోబెడితే ఒళ్లు మండుతుంది. ఆయన దగ్గర బోలెడు అనుభవం ఉంటుంది, దాన్ని పక్కన పెట్టమంటే తననే పక్కన పెట్టినట్లు భావిస్తాడు. విషయం కోసం కాక చేతిలో ఉన్న పని కోసం నేర్చుకుంటాడు. మార్కుల కన్నా, సర్టిఫికెట్ కన్నా, పని సాఫీగా సాగిందన్న తృప్తి ఆయన్ను ముందుకు నడుపుతుంది. వయోజన విద్య అనగానే చాలామందికి అక్షరాలు దిద్దించే బడి గుర్తొస్తుంది కాబట్టి, ఇవన్నీ తమకు వర్తించని సంగతులని మీ విభాగాలు అనుకుంటున్నాయేమో. మీ తరగతుల్లో కూర్చునేవారంతా వయోజనులే.

నోల్స్ గురించి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. 1970 నాటి పుస్తకం ఉపశీర్షికలో ఆయన పిల్లల బోధననూ పెద్దల బోధననూ ఎదురెదురుగా నిలబెట్టారు. 1980లో వచ్చిన కూర్పుకు ఆ ఉపశీర్షిక మార్చేశారు, ఒకదాని నుంచి మరొకదానికి సాగే దారిగా చూపించారు. ఆ సవరణ నాకు చాలా నచ్చుతుంది. ఎందుకంటే పెద్దవాళ్లంతా తమంతట తాము నేర్చుకోగలరని నమ్మి, ‘లింకులు పంపాం, చూసుకోండి’ అని చేతులు దులుపుకునే విభాగాలూ ఉన్నాయి. పెద్దవాళ్లను పసివాళ్లను చేసి కూర్చోబెట్టడం కన్నా ఇది పెద్ద తప్పు. పాతికేళ్ల అనుభవమున్న అధికారి కూడా కొత్త సాఫ్ట్‌వేర్ ముందు పసివాడే. ఏ మీట ఎక్కడుందో తెలియనివారిని ‘మీరే కనిపెట్టండి’ అంటే బుర్ర వేడెక్కడం తప్ప ఏమీ మిగలదు. కొత్తగా మొదలుపెట్టేవారికి, మెట్టు మెట్టుగా పూర్తిగా చేసి చూపించిన ఉదాహరణ ఎక్కువ మేలు చేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ స్వెల్లర్ 1980ల నుంచి చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి నేను పాఠం వద్దనడం లేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది వారిని అడగకుండా మీరే నిర్ణయించవద్దంటున్నాను.

‘ఇదంతా ముందే రికార్డు చేసి పెడితే ఎవరికి కావలసింది వారు చూసుకుంటారు కదా’ అని మీలో కొందరు అంటారని తెలుసు. రికార్డింగులకు నేను వ్యతిరేకిని కాను. కానీ వాటి చరిత్ర కూడా చూడాలి. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద జనం వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వెలువడింది. వీడియో ఎంత పొడవున్నా సగటు ప్రేక్షకుడు దాన్ని పట్టుకుని ఉన్నది ఆరు నిమిషాలకు మించలేదు. అదే వేదిక మీద హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఇచ్చిన కోర్సుల్లో 2017–18లో చేరినవారిలో చివరి దాకా వెళ్లినవారు 3.13 శాతం. పాఠాలు చెప్పినవారు మామూలువారు కాదు, చేరినవారూ ఎవరి బలవంతం మీదా చేరలేదు. అలాంటిది, బలవంతంగా చేర్చినవారి ముందు మీరు 90 నిమిషాల రికార్డింగు పెట్టి, ముందుకు జరపకుండా తాళం వేస్తే ఏమవుతుంది? వీడియో ఆడుతూ ఉంటుంది, మనిషి లేచి వెళ్లి తన పని చూసుకుంటాడు.

ప్రత్యక్ష తరగతుల్లో ఇంకో జబ్బు ఉంది. అది మా బోధకులది, ఒప్పుకుంటున్నాను. నా పాత రికార్డింగు ఒకటి చేతిలో గడియారం పెట్టుకుని చూశాను. ‘ఎవరికైనా సందేహాలు ఉన్నాయా?’ అని అడిగిన రెండు సెకన్లకే ‘సరే, ముందుకు వెళ్దాం’ అన్నాను. ఈ రెండు సెకన్లలో అవతలివారు ప్రశ్నను మనసులో కూర్చుకోవాలి, నలుగురిలో అడగవచ్చా అని తేల్చుకోవాలి, మైకు గుర్తు ఎక్కడుందో వెతికి నొక్కాలి. తరగతి గదిలో ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకనే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగగలిగితే జవాబుల పొడవూ లోతూ పెరుగుతాయనీ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. తెర మీద మూడు చాలవు. నేను ఇప్పుడు మనసులో పదిహేను లెక్కపెడతాను. ఆ నిశ్శబ్దం మొదట్లో బావిలోకి తొంగి చూసినట్లు ఉంటుంది. తర్వాత అలవాటైపోతుంది.

చాట్‌లో ఒక చిన్న ఉపాయం పనిచేస్తుంది. ప్రశ్న వేసి, జవాబు టైప్ చేయమని, కానీ నేను చెప్పేదాకా ఎవరూ పంపవద్దని అంటాను. నిమిషం తర్వాత ‘పంపండి’ అనగానే నలభై జవాబులు వానజల్లులా ఒక్కసారి వచ్చి పడతాయి. ముందొచ్చిన జవాబును చూసి రాసే వీలు ఎవరికీ ఉండదు, బిడియస్తుడికీ చొరవ ఉన్నవాడికీ సమానంగా చోటు దొరుకుతుంది. వాటిలోంచి ఒకదానికొకటి పొసగని రెండు జవాబులు ఏరి, ఆ ఇద్దరితో మాట్లాడిస్తే పాఠం దానంతట అదే నడుస్తుంది. తరగతిలో మూడు వందల మంది ఉంటారు కాబట్టి ఎవరినీ అడగలేమనే వాదనకు నా జవాబు ఇదే. నలుగురేసి చొప్పున చిన్న గదులుగా విడగొట్టడం మీ దగ్గర ఉన్న సాఫ్ట్‌వేర్‌కు వచ్చు. కాకపోతే గదిలోకి పంపేటప్పుడు ‘చర్చించుకోండి’ అని గాలికి వదిలేయకూడదు. ‘మీ నలుగురిలో ఒకరి పట్టిక తెరిచి తప్పు పట్టుకురండి’ అన్నంత కచ్చితంగా పని అప్పజెప్పాలి.

కెమెరాల సంగతి త్వరగా ముగిస్తాను. అందరూ తప్పనిసరిగా కెమెరా వేయాలన్న మీ నిబంధనను తీసేయండి. గంటల తరబడి అంత దగ్గరగా ముఖాలు చూస్తూ, తన ముఖం తాను చూసుకుంటూ, కదలకుండా కూర్చోవడం మనిషిని ఎలా అలసటకు గురిచేస్తుందో స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధకుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వివరించారు. ముఖం కనిపించినంత మాత్రాన మనసు అక్కడ ఉన్నట్లు కాదు. అయినా పెద్దవాళ్లను నమ్మకపోతే పిలవడమెందుకు?

మీరు ఎంతో విలువిచ్చే నక్షత్రాల గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగి, 2019లో ఫలితాలు వెలువడిన ఒక ప్రయోగంలో, ఒక గుంపు చక్కటి ఉపన్యాసం విన్నది, ఇంకో గుంపు అదే విషయాన్ని తానే కుస్తీపట్టి నేర్చుకుంది. పరీక్షలో రెండో గుంపుకే మార్కులు ఎక్కువ వచ్చాయి. కానీ ‘ఎంత నేర్చుకున్నారు?’ అని అడిగితే, తక్కువ నేర్చుకున్నామని చెప్పింది కూడా ఆ గుంపే! కష్టపడి నేర్చుకుంటున్నప్పుడు, రావడం లేదేమో అన్న అనుమానం సహజం. గలగలా సాగే ఉపన్యాసం వింటే అంతా వచ్చేసినట్లే ఉంటుంది. నా విషయంలోనూ అంతే. 64 స్లైడ్ల రోజుల్లో నాకు నక్షత్రాలు ఎక్కువ వచ్చేవి. సరుకు లెక్క తేలిన ఆ సాయంత్రం ఒకరు రెండే ఇచ్చి, ‘టీచర్ పాఠం చెప్పలేదు’ అని రాశారు. మీ విభాగాలు ఈ నక్షత్రాలు చూసి బోధకులను ఎంచుకుంటే, మేము నేర్పడం మానేసి మెప్పించడం మొదలుపెడతాం. కొందరం ఇప్పటికే మొదలుపెట్టాం.

మూడు గంటల తరగతి మీ క్యాలెండర్‌కు అనుకూలం, నేర్చుకునేవారికి కాదు. ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికన్నా, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించినవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మాత్రం మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి. మీ క్విజ్ సరిగ్గా ఆ ఐదు నిమిషాల దగ్గరే ఉంది. అందుకే ఈమెయిళ్లు రాసుకుంటూ కూర్చున్న నాకు కూడా తొమ్మిది మార్కులు వచ్చాయి. ఆ మూడు గంటల్నీ మూడు వారాల మీద పరచండి. రెండో వారం మొదటి పది నిమిషాలు, పోయిన వారం పాఠంలో ఏం గుర్తుందో, పనిలో ఏం ప్రయత్నించారో, ఎక్కడ బెడిసికొట్టిందో చెప్పించండి. నా తరగతుల్లో బెడిసికొట్టిన కథలే అన్నింటికన్నా పనికొచ్చాయి.

చట్టం కోసమో తనిఖీల కోసమో ఏటా అందరితో చేయించాల్సిన శిక్షణలు కొన్ని ఉంటాయి. వాటిని తీసేయడం మీ చేతుల్లో లేదని తెలుసు. కానీ పరీక్షను చివర్లో కాక మొదట్లో పెట్టడం మీ చేతుల్లోనే ఉంది. తెలిసినవారిని అక్కడే వదిలేయండి, తెలియని భాగమే మిగతావారికి చెప్పండి. ఇరవై ఏళ్లుగా రోజూ ఒక పని చేస్తున్న మనిషికి ఆ పని ఎలా చేయాలో బొమ్మలతో చూపించి, ‘తర్వాత’ మీట నొక్కించడం తాతకు దగ్గులు నేర్పడమే. మొదటి పరీక్షలో అన్నీ సరిగ్గా రాసినవారిని వీలైతే మిగతావారికి చెప్పమని అడగండి. నర్సు ప్రశ్న వేసిన రోజున నాకు అర్థమైంది, తరగతిలో నాకన్నా మంచి ఉపాధ్యాయులు కనీసం ఇద్దరు ముగ్గురైనా మైకు ఆపుకుని కూర్చుని ఉంటారని.

మా పారితోషికం లెక్కలోనూ ఒక మార్పు అవసరం. ఇప్పుడు మీరు తెర మీద మాట్లాడిన గంటలకే చెల్లిస్తారు. దాంతో ఏ బోధకుడైనా ఎక్కువ మాట్లాడతాడు, అది సహజం. నేర్చుకునేవారు పంపిన పట్టిక తెరిచి చూసి, రెండు వాక్యాలు రాసి పంపడానికి పట్టే సమయాన్ని కూడా పనిగా గుర్తించండి. ఆ రెండు వాక్యాలు నా గంట ఉపన్యాసం కన్నా ఎక్కువ మేలు చేయడం నేను కళ్లారా చూశాను. అలాగే హాజరు నివేదికతో పాటు, నెల తర్వాత ప్రతి ఒక్కరికీ ఒక్క ప్రశ్న పంపండి: ‘ఆ తరగతి తర్వాత మీరు వేరేగా చేస్తున్న పని ఏదైనా ఉందా?’ లేదు అనే జవాబులు ఎక్కువ వస్తాయి. రానివ్వండి. ఆ జవాబులు నాకూ పంపండి.

ఇవన్నీ ఒకేసారి కుదరవని తెలుసు. అనుమతులు, టెండర్లు, బడ్జెట్లు, మీ పైన ఉండే అధికారులు, ఎవరి ఇబ్బందులు వారివి. వచ్చే నెల తరగతికి ఒక్కటి మాత్రం చేయండి, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. నమోదు ఫారంలో పేరు, హోదా, ఉద్యోగి సంఖ్య అడిగే గడుల కింద ఇంకో గడి పెట్టి, ‘మీ పనిలో ఈ మధ్య మిమ్మల్ని బాగా విసిగిస్తున్నది ఏమిటి?’ అని అడగండి. జవాబులు తరగతికి వారం ముందు నాకు చేరాలి. అవి వచ్చేదాకా నేను ఒక్క స్లైడు కూడా తయారు చేయను.

ఇట్లు,
మీ ఆన్‌లైన్ తరగతుల బోధకురాలు, అప్పుడప్పుడూ విద్యార్థిని